విదేశీ సినిమా మీద 100 శాతం సుంకం అంటే డీసీపీ (థియేటర్‌కి పంపే సినిమా డిజిటల్ ఫైళ్ళు) మీద ఎలా వేస్తారు? బదులుగా మనం కోటా పెట్టొచ్చా?

ప్రశ్న: గాంధీనగర్_డీసీపీ (విజయవాడ)

గాంధీనగర్ సినిమా ఆఫీసుల్లో ఓవర్సీస్ (విదేశాల్లో విడుదల) మాట వస్తే చాలు, చర్చ అమెరికా సుంకం మీదకే పోతోంది. 2025 మేలో ఒకసారి, సెప్టెంబర్‌లో మరోసారి అధ్యక్షుడు ట్రంప్ బయటి దేశాల్లో తీసిన సినిమాల మీద 100 శాతం సుంకం అన్నారు. దేని మీద లెక్క కట్టి ఎక్కడ వసూలు చేస్తారో ఆ ప్రకటనల్లో లేదు. తెలుగు సినిమాకి అమెరికా అంటే నైజాం, సీడెడ్, ఆంధ్ర పక్కన రాసుకునే పంపిణీ ఏరియా. అందుకే అడుగుతున్నాను.

డీసీపీ ఉన్న హార్డ్‌డిస్క్ విలువ కొన్ని వేలే. దాని మీద వేస్తే లెక్కే కాదు. రైట్స్ విలువ మీద వేస్తే ఎవరూ కొనరు. ఇందులో ఏది చట్టప్రకారం కుదురుతుంది? రెండోది, "వాళ్ళు సుంకం వేస్తే మనం వాళ్ళ సినిమాలకి ఆటలు తగ్గించి తెలుగు సినిమాలకి కోటా పెడదాం" అంటున్నారు. డబ్ల్యూటీవోలో (ప్రపంచ వాణిజ్య సంస్థ) ఉంటూ అది చేయొచ్చా? మూడోది, ఫ్రాన్స్ వాళ్ళు చెప్పే "సాంస్కృతిక మినహాయింపు" ఒప్పందంలో నిజంగా రాసి ఉందా? ఉంటే ఏ ఆర్టికల్?

ఆవేశం వద్దు, రూల్ కావాలి.

జవాబు: బందరురోడ్డు_వకీలు

మూడో ప్రశ్న ముందు తీసుకుంటాను, మిగతా రెండూ దాని మీదే ఆధారపడ్డాయి. డబ్ల్యూటీవో ఒప్పందాల్లో "సాంస్కృతిక మినహాయింపు" అనే ఆర్టికల్ లేదు. డబ్ల్యూటీవోకి దారితీసిన వాణిజ్య చర్చలు ఉరుగ్వే రౌండ్ చివర్లో, 1993లో, ఫ్రాన్స్ పట్టుబట్టింది నిజమే. కానీ యూరప్‌కి దక్కింది మినహాయింపు కాదు. ఆడియోవిజువల్ సేవల్లో ఏ హామీ ఇవ్వకుండా తన జాబితాలో ఆ గడి ఖాళీగా ఉంచుకుంది. సేవల ఒప్పందం గాట్స్‌లో మార్కెట్ తెరుస్తామని, మన వాళ్ళతో సమానంగా చూస్తామని ఎవరు ఎంత రాసి ఇస్తే అంతే బాధ్యత. ఈ రెండు విషయాల్లో రాయనిదానికి ఎవరూ నిలదీయలేరు.

సరుకుల ఒప్పందం గాట్ అలా కాదు. అందులో స్వదేశీ, విదేశీ తేడా చూపకూడదన్నది మామూలుగా అందరికీ, అన్ని సరుకులకీ వర్తిస్తుంది. అందుకే ఒక వస్తువు సరుకా, సేవా అన్న దగ్గరే సగం కేసు తేలిపోతుంది.

దీనికి కెనడా పత్రికల కేసు చూడండి. అమెరికా పత్రికలు తమ వార్తలనే ఉంచి, కెనడా ప్రకటనలు మాత్రం ఎక్కించి "కెనడా ఎడిషన్" అమ్మేవి. స్థానిక పత్రికలకి ప్రకటనల ఆదాయం పోతుందని కెనడా 1965 నుంచి అలాంటి ఎడిషన్ల దిగుమతిని సరిహద్దులో ఆపింది. 1993లో ఒక అమెరికన్ పత్రిక పేజీలను ఎలక్ట్రానిక్‌గా పంపి కెనడాలోనే అచ్చు వేయించింది. సరిహద్దు దాటింది సంకేతాలే కాబట్టి కస్టమ్స్‌కి పట్టుకోవడానికి ఏమీ లేదు. దాంతో 1995లో కెనడా అలాంటి ఎడిషన్‌లోని ప్రకటనల విలువ మీద 80 శాతం ఎక్సైజ్ పన్ను పెట్టింది. అమెరికా డబ్ల్యూటీవోకి వెళ్ళింది. "ఇది ప్రకటనల సేవ, సేవల్లో మేం హామీ ఇవ్వలేదు" అని కెనడా వాదించింది. పత్రిక అంటే చేతికందే సరుకు, వార్త, ప్రకటన రెండూ దాని భాగాలే అని 1997లో అప్పిలేట్ బాడీ (డబ్ల్యూటీవో అప్పీళ్ళ విభాగం) తేల్చింది. కెనడా ఓడిపోయింది. అమెరికా, మెక్సికోలతో చేసుకున్న వాణిజ్య ఒప్పందం నాఫ్టాలో సాంస్కృతిక పరిశ్రమలకి మినహాయింపు రాసుకుని కూడా ఓడిపోయింది, ఎందుకంటే అమెరికా ఆ గుమ్మం వదిలేసి మినహాయింపు లేని డబ్ల్యూటీవో గుమ్మం నుంచి వచ్చింది.

ఇక మీ డీసీపీ. హార్డ్‌డిస్క్ పార్సిల్‌గా వెళ్తే అది సరుకు. కస్టమ్స్ విలువ డిస్క్ ధరే అనుకోవడం పొరపాటు. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ విషయంలో మాధ్యమం ధర మాత్రమే లెక్కించవచ్చని 1984లో కస్టమ్స్ విలువల కమిటీ ఒక నిర్ణయం చేసింది. ఆ నిర్ణయమే శబ్ద, సినిమా, వీడియో రికార్డింగులకు ఇది వర్తించదని కూడా స్పష్టంగా చెప్పింది. పైగా డబ్ల్యూటీవో కస్టమ్స్ విలువల ఒప్పందం ఆర్టికల్ 8 ప్రకారం, దిగుమతి చేసుకున్న సరుకుకి సంబంధించి, అమ్మకపు షరతుగా కట్టే రాయల్టీని విలువకి కలపాలి. అంటే సుంకం ఒకటి వచ్చి, డిస్క్ పార్సిల్‌లో వెళ్తే, రైట్స్ సొమ్ము లెక్కలోకి లాగే దారి వాళ్ళకి ఉంది.

అదే డీసీపీ ఇంటర్నెట్‌లో వెళ్తే కథ మారుతుంది. ఎలక్ట్రానిక్ ప్రసారాల మీద కస్టమ్స్ సుంకం వేయకూడదన్న తాత్కాలిక నిషేధం 1998 నుంచి పొడిగిస్తూ వచ్చారు. 2024 అబుదాబి మంత్రుల సమావేశంలో తదుపరి సమావేశం వరకు లేదా 2026 మార్చి 31 వరకు, ఏది ముందైతే అంతవరకు పొడిగించారు. ఆ గడువు దాటాక అది అమల్లో ఉందో లేదో చూసుకోవాలి. ఈ నిషేధం శాశ్వతం కావాలని ఎక్కువ పట్టుబట్టింది అమెరికాయే. వద్దన్న దేశాల్లో మనం ముందున్నాం.

అమెరికా సొంత చట్టం కూడా అడ్డే. అత్యవసర ఆర్థిక అధికారాల చట్టానికి 1988లో వచ్చిన, 1994లో విస్తరించిన సవరణ ప్రకారం సినిమాలు, పుస్తకాలు, ఫోటోలు లాంటి సమాచార సామగ్రి దిగుమతిని ఆ చట్టం కింద అధ్యక్షుడు నియంత్రించలేరు. జాతీయ భద్రత పేరుతో వాడే, అమెరికా వాణిజ్య చట్టంలోని సెక్షన్ 232 ఉంది గానీ అది వస్తువుల కోసం రాసిన సెక్షన్. థియేటర్ రాబడి మీద పన్నులా తెస్తే అప్పుడది సేవల విషయం. సినిమా పంపిణీ, ప్రదర్శనల్లో మార్కెట్ తెరుస్తామని గాట్స్‌లో విస్తారంగా రాసి ఇచ్చిన అతి కొద్ది దేశాల్లో అమెరికా ఒకటి. ఎటు తిప్పినా నేరుగా దారి లేదు. దారి లేదు కదా అని చేయరని మాత్రం నేను అనను.

జవాబు: లక్ష్మీపురం_ఎగ్జిబిటర్ (గుంటూరు)

కోటా సంగతి నేను చెప్తాను. గాట్ ఆర్టికల్ 4 మొత్తం సినిమా ఫిల్ముల గురించే. ఇంకే సాంస్కృతిక వస్తువుకీ 1947లో ఇలా విడి ఆర్టికల్ దక్కలేదు. స్వదేశీ సినిమాలకి థియేటర్ సమయంలో కనీస వాటా పెట్టుకోవచ్చని అందులో ఉంది. షరతులున్నాయి. వాటాని ఒక్కో థియేటర్‌కి ఏడాది మొత్తంలో నిజంగా ఆడిన సమయం మీద లెక్కించాలి, ఏడాదికి తక్కువ కాలం పెట్టకూడదు. మిగిలిన సమయాన్ని "ఇది అమెరికాకి ఇంత, కొరియాకి ఇంత" అని పంచకూడదు.

లెక్క వేసి చూడండి. రోజుకి 4 ఆటలు, ఏడాదికి 1,460. 20 శాతం కోటా అంటే 292 ఆటలు. ఏడాదికి మార్నింగ్ షోలే 365. అంటే 292 రోజులు మార్నింగ్ షోకి ఒక స్వదేశీ సినిమా వేసేస్తే కోటా కాగితం మీద నిండిపోతుంది. ఫస్ట్ షో, సెకండ్ షో ఒక్కటి కూడా కదలదు. సీట్లు ఎన్ని నిండాయో, కలెక్షన్ ఎంతో ఆర్టికల్ 4కి పట్టదు, సమయం ఒక్కటే పడుతుంది. అందుకే మహారాష్ట్ర 2015లో మల్టీప్లెక్సుల్లో మరాఠీ సినిమాకి ప్రైమ్‌టైమ్ అని పట్టుబట్టింది.

కొరియా 146 రోజుల కోటా నడిపింది, అంటే ఏడాదిలో సరిగ్గా 40 శాతం. అమెరికాతో వాణిజ్య ఒప్పందం మాటలు మొదలవ్వాలంటే అది తగ్గాలన్నారు. 2006 జులైలో 73 రోజులకి, అంటే 20 శాతానికి దించారు. నటులు, దర్శకులు రోడ్డెక్కినా ఆగలేదు.

కోటా ఇంకో రకంగా కూడా చెడుతుంది. బ్రిటన్ 1927లో చట్టం చేసి స్వదేశీ చిత్రాల వాటా తప్పనిసరి చేసింది. అమెరికన్ కంపెనీలే అక్కడ చవగ్గా, హడావుడిగా సినిమాలు చుట్టించి కోటా నింపేశాయి. వాటికి "కోటా క్విక్కీలు" అన్న పేరే పడింది. మన దగ్గర పెట్టినా మొదటి ఏడాదే ఎవరో ఒకరు అలాంటివి తీసి మార్నింగ్ షోల్లో పడేస్తారు.

చట్టం మాటకొస్తే రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో సినిమాకి సర్టిఫికెట్ ఇవ్వడం కేంద్రం జాబితాలో ఉంది, థియేటర్ లైసెన్సు రాష్ట్ర జాబితాలో ఉంది. మనకి 1955 నాటి ఆంధ్రప్రదేశ్ సినిమాల నియంత్రణ చట్టం ఉంది. కాబట్టి లైసెన్సు షరతుగా తెలుగు సినిమాకి ఇన్ని ఆటలు అని రాష్ట్రం పెట్టొచ్చు. డబ్ల్యూటీవో ఒప్పుకుంటుంది.

జవాబు: బందరురోడ్డు_వకీలు

లక్ష్మీపురం గారూ, చివరి వాక్యం దగ్గర ఆగాలి. ఆర్టికల్ 4 ఒప్పుకునేది "స్వదేశీ మూలం" కోటాని, భాష కోటాని కాదు. రెండూ ఒకటి కావు. తెలుగులోకి డబ్ చేసిన హాలీవుడ్ సినిమా భాషలో తెలుగే, మూలంలో అమెరికా. హిందీ సినిమా మూలంలో భారతీయం, భాషలో కాదు. "తెలుగు సినిమా" అని షరతు రాస్తే డబ్బింగ్ హాలీవుడ్ కూడా కోటాలో కూర్చుంటుంది. "తెలుగులో నేరుగా తీసింది" అని రాస్తే ఆర్టికల్ 4 గొడుగు సగమే పడుతుంది, ఎందుకంటే అది హిందీని, తమిళాన్ని కూడా బయటికి నెడుతోంది. అప్పుడు గొడవ డబ్ల్యూటీవోలో కాదు, మన కోర్టుల్లోనే మొదలవుతుంది. బెంగాలీలోకి డబ్ చేసిన సీరియల్‌ని అడ్డుకున్న సంఘాల కేసులో సుప్రీంకోర్టు 2017 మార్చిలో, ఆ అడ్డంకి పోటీకి విరుద్ధమన్న కాంపిటీషన్ కమిషన్ వైపే నిలిచింది.

రాష్ట్రం చేసినా డబ్ల్యూటీవోలో జవాబు చెప్పేది కేంద్రమే. గాట్స్ మొదటి ఆర్టికల్ రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల చర్యల్నీ కలుపుకుంటుంది.

గాంధీనగర్_డీసీపీ

మూలం, భాష తేడా మాకెవరికీ తట్టలేదు, థాంక్సండీ. మరి మన దేశం గాట్స్ జాబితాలో ఏం రాసిచ్చింది? యూరప్‌లా ఖాళీగా ఉంచిందా?

జవాబు: వన్‌టౌన్_పాఠకుడు (విజయవాడ)

ఖాళీగా ఉంచలేదు, పూర్తిగా తెరవనూ లేదు. ఉరుగ్వే రౌండ్‌లో మనం సినిమా, వీడియో టేపుల పంపిణీలో హామీ ఇచ్చాం. విదేశీ కంపెనీ ఇక్కడ ప్రతినిధి ఆఫీసు పెట్టుకోవచ్చు, దిగుమతి మాత్రం ఏడాదికి 100 టైటిల్స్ వరకే. దానికి తోడు ఆ సినిమాకి మనం గుర్తించిన అంతర్జాతీయ ఉత్సవంలో అవార్డో, అధికారిక విభాగంలో చోటో, పేరున్న సినిమా పత్రికలో మంచి సమీక్షో ఉండాలన్న షరతు. ఈ రోజు మల్టీప్లెక్స్‌లో హాలీవుడ్ సినిమా విడుదలవుతున్న తీరు చూస్తే ఇవేవీ అమల్లో లేవు. కానీ కాగితం మీద మన హామీ అంతే. రాసిచ్చినదానికీ పాటిస్తున్నదానికీ మధ్య ఉన్న ఈ ఖాళీయే మన చేతిలో ఉన్న అసలు అధికారం. వాణిజ్య ఒప్పందాల చర్చల్లో ఎదుటివాళ్ళు అడిగేది సరిగ్గా ఇదే: "ఇప్పుడు ఎలాగూ ఇస్తున్నారు కదా, అదే రాసివ్వండి". సౌమ్యంగా వినిపించే ఈ కోరిక దగ్గరే జాగ్రత్తపడాలి. ఒకసారి రాసిస్తే వెనక్కి తీసుకోవాలంటే గాట్స్ ఆర్టికల్ 21 ప్రకారం నష్టపోయే దేశాలకి వేరే రంగంలో పరిహారంగా ఏదైనా ఇవ్వాలి.

న్యూజిలాండ్‌కి ఇదే జరిగింది. ఆడియోవిజువల్‌ని అడ్డులేకుండా రాసిచ్చింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం టీవీలో స్థానిక కార్యక్రమాలకి కోటా పెట్టాలనుకుంటే ఆ సంతకమే అడ్డొచ్చింది. చిన్న దేశం, ఇంగ్లీషు మాట్లాడే దేశం, పక్కనే ఆస్ట్రేలియా. వాళ్ళకి కోటా మనకంటే ఎక్కువ అవసరం. నాకు ఈ మొత్తం వ్యవహారంలో మనసుకి బాధ కలిగించేది ఈ ఒక్క ఉదాహరణే.

సాంస్కృతిక వైవిధ్యం మీద యునెస్కో 2005 ఒడంబడిక ఉంది కదా అంటారు కొందరు. 148 దేశాలు అవునన్నాయి, అమెరికా, ఇజ్రాయెల్ కాదన్నాయి, 4 దేశాలు తటస్థం. మనం 2006లో ఆమోదించాం. సాంస్కృతిక వస్తువులు మామూలు సరుకుల్లాంటివి కావని అందులో ఉంది, అది విలువైన మాటే. అయితే ఆర్టికల్ 20 చదవండి. ఇతర ఒప్పందాల కింద ఉన్న హక్కుల్ని, బాధ్యతల్ని ఇది మార్చదని అక్కడే రాశారు. చైనా 2009లో పుస్తకాలు, సినిమాల దిగుమతి కేసులో ఈ ఒడంబడికను ప్రస్తావించినా నిలవలేదు. ప్రజా నైతికత మినహాయింపుని వాడుకునే అవకాశం ఇచ్చారు గానీ, ఏం చదవాలో వడపోయడానికి దిగుమతి హక్కు ప్రభుత్వ కంపెనీల చేతిలోనే ఉండనక్కర్లేదని, ప్రభుత్వమే నేరుగా పరిశీలించొచ్చని చెప్పారు. మన సెన్సార్ పద్ధతి ఈ పరీక్షకి నిలుస్తుంది. ఎవరు తెచ్చినా బోర్డు ముందుకి రావాల్సిందే, తెలుగు సినిమా అయినా సరే.

ఇక కోటాకి బదులు ఏం చేయాలి అంటే, ఫ్రాన్స్ నుంచి తీసుకోదగ్గది కోటా కాదు, టికెట్. అక్కడ ప్రతి టికెట్ మీద 10.72 శాతం తీసుకుంటారు, హాలీవుడ్ సినిమా టికెట్ అయినా. ఆ సొమ్ము 1946లో పెట్టిన ప్రభుత్వ సినిమా సంస్థ సీఎన్‌సీ ద్వారా నిర్మాణానికి వెళ్తుంది. వసూలులో తేడా లేదు కాబట్టి వివక్ష లేదు. ఇచ్చేటప్పుడు స్వదేశీ నిర్మాతకే ఇవ్వడాన్ని గాట్ ఆర్టికల్ 3లోని 8(బి) ఒప్పుకుంటుంది. మన దగ్గర ఇబ్బంది వేరు. 2016 రాజ్యాంగ సవరణ, జీఎస్టీ తర్వాత వినోద పన్ను వేసే అధికారం స్థానిక సంస్థలకే మిగిలింది, రాష్ట్రానికి లేదు. కర్ణాటక 2024లో కళాకారుల సంక్షేమం పేరుతో టికెట్లు, సబ్‌స్క్రిప్షన్ల మీద 1 నుంచి 2 శాతం సెస్సుకి చట్టం చేసింది. మన వాళ్ళు అడగాల్సింది అలాంటిది.

ఓటీటీ సంగతి ఇంకా పెద్దది. యూరప్ 2018 నుంచి కేటలాగులో కనీసం 30 శాతం యూరప్ చిత్రాలు ఉండాలంది. ఫ్రాన్స్ 2021లో అక్కడి రాబడిలో కనీసం 20 శాతం నిర్మాణంలో పెట్టమంది. కెనడా 2024లో పెద్ద ఓటీటీలని రాబడిలో 5 శాతం ఇమ్మంది. ఈ మూడూ చేయగలిగారంటే సేవల్లో గడి ఖాళీగా ఉంచుకోవడం వల్లే.

జవాబు: కొండపల్లి_మక్కు

సినిమావాళ్ళ మధ్య దూరుతున్నాను, కానీ ఇదే సమస్య బెజవాడకి 20 కిలోమీటర్ల దూరంలో చెక్కబొమ్మల మీద నడుస్తోంది. పాఠం మీక్కూడా పనికొస్తుంది.

బొమ్మల మీద దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర తప్పనిసరి. ఆ ఆర్డర్ అచ్చంగా వస్తే మన కళాకారులే ముందు మూతపడేవాళ్ళు, ఎందుకంటే ల్యాబ్, టెస్టు, లైసెన్సు ఖర్చు తెల్లపొణికి కర్ర చెక్కే ఇంటికి కుదరదు. 2020 చివర్లో సవరించి, హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకి, జీఐ (భౌగోళిక గుర్తింపు) నమోదిత యజమాని, అధీకృత వాడకందార్లు అమ్మే వస్తువులకి మినహాయింపు ఇచ్చారు. ఈ ఆర్డర్ మీద అమెరికా డబ్ల్యూటీవో సాంకేతిక అవరోధాల కమిటీలో అభ్యంతరం లేవనెత్తింది. అక్కడ నిలిచే వాదన "సంస్కృతి" కాదు, "పిల్లల భద్రత".

మినహాయింపు దక్కాలంటే కార్డు చేతిలో ఉండాలి. కొండపల్లి అని పేరు పెట్టుకుని, కళాకారుడి గుర్తింపు గానీ జీఐ అధీకృత నమోదు గానీ లేకుండా దుకాణంలో పెడితే బీఐఎస్ ముద్ర లేని బొమ్మగానే లెక్క. చాలామంది జీఐ సంఘానికి వచ్చింది కదా, మాకూ వచ్చినట్టే అనుకుంటారు. అధీకృత వాడకందారుగా ఎవరికి వాళ్ళు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.

రెండో తప్పు, జీఐ బొమ్మని కాపాడుతుందనుకోవడం. అది పేరునే కాపాడుతుంది. అంబారీ ఏనుగుని రెజిన్‌లో పోతపోసి "అలంకరణ ఏనుగు" అని పెట్టె మీద రాసి దింపితే జీఐ ఏమీ చేయలేదు. డబ్ల్యూటీవో మేధోసంపత్తి ఒప్పందం ట్రిప్స్‌లో ద్రాక్షసారాయి, ఇతర మద్యాల పేర్లకి గట్టి రక్షణ ఉంది. మిగతా అన్నిటికీ కొనేవాడు మోసపోయాడని చూపించాల్సిన రక్షణే. మద్యం సీసాకి ఉన్న గౌరవం మన చేతిపనికి లేకపోవడం అన్యాయం, మన దేశం దీన్ని చాలా ఏళ్ళుగా అడుగుతూనే ఉంది. తేడా తెలియాలంటే బొమ్మని తిరగేసి చూడండి. అసలుదానికి చేతులు, తొండం విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, ఆపైన రంగు వేస్తారు. అతుకు దగ్గర మక్కు గరుకు వేలికి తగులుతుంది. పోతకి అచ్చు గీత తగులుతుంది.

ఎగుమతికి ఇక్కడి మినహాయింపు చెల్లదు. అమెరికాకి 12 ఏళ్ళ వరకు పిల్లల బొమ్మగా వెళ్తే రంగులో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదు, అక్కడ గుర్తించిన ల్యాబ్ పరీక్ష కావాలి. ఎనామెల్ వాడితే రంగు డబ్బా మీద సీసం వివరం చూడకుండా పంపకండి. కొలువు బొమ్మ, అలంకరణ వస్తువు అని పంపేటప్పుడు ఇన్‌వాయిస్, లేబుల్, ఆన్‌లైన్ ఫోటో మూడూ ఒకే మాట చెప్పాలి. ఫోటోలో పిల్లవాడు ఆడుతూ కనిపిస్తే అది బొమ్మే.

జవాబు: బందరురోడ్డు_వకీలు

కొండపల్లి గారు చెప్పిందే సినిమాకీ వర్తిస్తుంది. పేరు ఏది రాశామన్నది ముఖ్యం. గాంధీనగర్ గారూ, ఇప్పుడు చేస్తున్న ఓవర్సీస్ అగ్రిమెంట్లలో మూడు చోట్ల చూసుకోండి. డెలివరీ క్లాజులో హార్డ్‌డిస్క్ కొరియర్ అని పాత నమూనా నుంచి వచ్చిన మాట ఉంటే, ఎలక్ట్రానిక్ డెలివరీ అని మార్చండి, డీసీపీని తెరిచే డిజిటల్ తాళంచెవి కేడీఎం ఎలాగూ ఈమెయిల్‌లోనే వెళ్తోంది. పన్నుల క్లాజులో "వర్తించే పన్నులు" అని వదిలేయకుండా, సంతకం తర్వాత కొత్తగా వచ్చే సుంకం గానీ లెవీ గానీ ఎవరు భరించాలో, ఎంత దాటితే ఒప్పందం వదులుకునే హక్కు ఎవరికి ఉంటుందో అంకెతో రాయండి. మినిమమ్ గ్యారంటీ (కొనేవాళ్ళు తప్పక ఇస్తామన్న కనీస సొమ్ము) వాయిదాల్లో కనీసం ఒకటి విడుదల తేదీకి ముడిపెట్టండి. అమెరికా కొనుగోలుదారు పన్ను పట్టుకునేటప్పుడు మన ద్వంద్వ పన్నుల ఒప్పందం ప్రకారం 15 శాతం రేటు కావాలంటే అమెరికా పన్ను ఫారం డబ్ల్యూ-8బెన్-ఈ ముందే ఇవ్వాలి. ఇవ్వకపోతే 30 శాతం కోస్తారు, దానికీ సుంకానికీ సంబంధం లేదు. విడుదల వారంలో ఆ ఫారం కోసం వెతుక్కోవడం కంటే అడ్వాన్స్ చెక్కు తీసుకున్న రోజే సంతకం పెట్టి ఇచ్చేయండి.